పదకొండో ఆకురాయి

బెండకాయ తోక విరిచి చూడకుండా ఉమాశ్రీ ఒక్క కాయ కూడా కొనదు. టప్పున విరిగితే లేత, వంగితే ముదురు. "దయచేసి కాయలు విరవకండి" అని మాదాపూర్‌లోని ఆ సూపర్ మార్కెట్ వాళ్ళు మూడు భాషల్లో అట్ట రాసి వేలాడదీశారు. ఆ అట్ట కిందే నిలబడి, దాన్ని చదువుతూనే, ఆవిడ బొటనవేలు తన పని తాను చేసుకుపోతుంది. అందులో తప్పుందని ఆవిడకి ఎన్నడూ తోచలేదు. కాకినాడ మార్కెట్లో వాళ్ళమ్మ అలాగే కొనేది, అత్తగారూ అలాగే కొనేది. ఏరుకోవడం చేతకానివాళ్ళు ఇచ్చింది సంచిలో వేసుకొచ్చి, వండేటప్పుడు ఏడుస్తారని ఆవిడ అభిప్రాయం.

ఆ కొట్టుకి పెద్ద ఇంగ్లీషు పేరేదో ఉంది. ఇంట్లో మాత్రం దాన్ని తగ్గింపు కొట్టు అంటారు. అందులో ఉమాశ్రీ ప్రాణమంతా కూరగాయల దగ్గర ఉండదు. బిస్కట్ల అరలకి ఎదురుగా, నడవా మధ్యలో నాలుగు పెద్ద తీగ బుట్టలుంటాయి. ప్రతి గురువారం వాటిలోకి ఏదో ఒక కొత్త సరుకు దిగుతుంది. ఒక వారం గొడుగులు, ఒక వారం గోడ గడియారాలు, నెలకో రెండు నెలలకో ఒకసారి చేతి పనిముట్లు. ఉన్నంతవరకే. అయిపోతే మళ్ళీ ఎప్పుడొస్తాయో కొట్టువాళ్ళకే తెలియదు.

ఈ గురువారం పనిముట్లు దిగాయి. అదీ దసరా ఇంకో ఇరవై రోజులుందనగా. ఉమాశ్రీకి పండగ ముందే వచ్చేసినట్టయింది.

వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో దసరాకి పెట్టే బొమ్మల కొలువులో కింది మెట్టు ఆవిడదే. రోడ్లు భవనాల శాఖలో కట్టడాల నక్షాలు గీసి గీసి వచ్చిన చేతులు, ఉద్యోగం మానేసినా ఊరుకోవడం లేదు. నిరుడు బస్టాండు కట్టింది. ఈసారి లోకల్ రైలు ఆగే బోరబండ స్టేషన్ కడుతోంది, వందో వంతు కొలతలో. అంటే వంద అడుగుల ప్లాట్‌ఫారం అడుగు చెక్కలో ఇమడాలి, మెట్ల కమ్మీ అగ్గిపుల్లకన్నా సన్నగా రావాలి.

అలాంటి పనికి పెద్ద దుకాణాల పనిముట్లు కొనాలంటే చేతులు కాలతాయి. చవకవాటిలో ఏది కొనాలో, ఏది కొనకూడదో ఉమాశ్రీకి కంఠతా వచ్చు. బ్లేడ్లు చవకవి కొనకూడదు, రెండు కోతలకే మొండివైపోయి అట్టని చింపుతాయి. జిగురు తుపాకీ కొనవచ్చు, దాంతో వచ్చే జిగురు కడ్డీలు మాత్రం పారేయాలి. పట్టకారు కొనవచ్చు, కొనలు రెండూ కలుస్తున్నాయా లేదా వెలుతురుకి పెట్టి చూసుకుంటే చాలు. చిక్కంతా చిన్న ఆకురాళ్ళతోనే. చెక్కనీ ప్లాస్టిక్‌నీ అరగదీసే పెన్సిలంత ఆకురాళ్ళు డబ్బాకి పది. గుండ్రటిది, పలకది, మూడు పలకలది, నాలుగు పలకలది, ఇలా. ఆ పదిలో మూడు వంకరగా ఉంటాయి, రెండింటికి పళ్ళుండవు. ఒక్క డబ్బాతో పని జరగదు.

అందుకని ఉమాశ్రీ నాలుగు డబ్బాలు తీసి బుట్ట అంచున వరసగా పెట్టుకుంది. ఒక్కొక్క మూతా తీసి, ఒక్కొక్క ఆకురాయినీ గోటి మీద గీసి చూసింది. మొదటి డబ్బాలో గుండ్రటిది బాగుంది. పలకది బాగాలేదు, దాన్ని తీసి రెండో డబ్బాలో పెట్టి, అక్కడి పలకది ఇటు వేసుకుంది. ఆవిడ వేళ్ళు బెండకాయల దగ్గర ఎంత చకచకా ఆడతాయో ఇక్కడా అంతే. ఆ మొహంలో కోవెలలో ప్రదక్షిణం చేసే మనిషి నిశ్చింత ఉంది.

"ఏంది మేడమ్, మల్ల ఏం కడుతున్నరు?"

బాలమ్మ. ఆ నాలుగు బుట్టలూ ఆమె అధీనంలో ఉంటాయి. నలభై దాటిన మనిషి, కొట్టువాళ్ళిచ్చిన నీలం కోటు చీర మీద తొడుక్కుని, చేతిలో ఎప్పుడూ ఒక తుడిచే గుడ్డతో తిరుగుతుంది.

ఉమాశ్రీ ఫోన్ తీసి తాను గీసుకున్న బొమ్మ చూపించింది. బాలమ్మ ఫోన్‌ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి పకపకా నవ్వింది.

"గిది మా బోరబండ టేషన్ గద! నేను రోజు ఎక్కేదాన్నే. మెట్ల కింద పల్లీలమ్మే అవ్వను పెట్టలే?"

"పెడతాను. ఏ పక్కన కూర్చుంటుందావిడ?"

"దిగంగనే కుడిదిక్కు."

ఇంతలో ఉమాశ్రీ ఫోన్ మోగింది. అపార్ట్‌మెంట్ కొలువు కమిటీ కృష్ణప్రియ. కింది మెట్టు వెడల్పు రెండడుగులా, రెండున్నరా అని అడుగుతోంది. ఉమాశ్రీ ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "రెండున్నర లేకపోతే నా రైలు పట్టదమ్మా" అని వాదిస్తూనే ఏరుడు కానిచ్చింది. మిగతా మూడు డబ్బాలూ మూసి బుట్టలో పడేసింది. తనది తీసుకుని కదిలింది.

"మీరు పోండ్రి మేడమ్, నేను సర్దుకుంట" అంది బాలమ్మ వెనకనుంచి.

ఇంటికొచ్చి డబ్బా విప్పితే పదకొండున్నాయి. డబ్బాలోని పది గాడుల్లో పది, వాటి మీద అడ్డంగా ఇంకొకటి, మూడు పలకలది. దాని పళ్ళు ఎంత సన్నగా, ఎంత సమంగా ఉన్నాయంటే, గోటి మీద గీస్తే పిండిలా పొడి రాలింది.

"చూశారా, చవకవాళ్ళు కూడా ఒక్కోసారి ధర్మం చేస్తారు" అని భర్తకి చూపించింది.

జలమండలిలో ఇంజనీరుగా పనిచేస్తున్న ఉదయ్ భాస్కర్‌కి ఆకురాయికీ అగరుబత్తికీ తేడా తెలియదు. "కొసరు వేశారన్నమాట" అన్నాడు పేపర్ మడుస్తూ.

శుక్ర, శని, ఆదివారాలు ఉమాశ్రీ భోజనాల బల్ల దగ్గరనుంచి లేవలేదు. ఐస్‌క్రీం పుల్లలు నానబెట్టి వంచి ప్లాట్‌ఫారం కప్పుకి దూలాలు చేసింది. పాత ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి టిక్కెట్ల కిటికీకి అద్దాలు పెట్టింది. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు వరసగా తగిలిస్తే స్టేషన్ మీద గబ్బిలాలు వాలినట్టుంది. మెట్ల వంతెనకి నలభై మూడు మెట్లు. ప్రతి మెట్టు మూలా పదును దేరాలి. ఆ పని మూడు పలకల ఆకురాయితోనే అవుతుంది, డబ్బాలో ఉన్న ఒకటి ముప్పయ్యో మెట్టు దగ్గర మొరాయించింది. పదకొండోది అందుకుంది. అది మిగిలిన పదమూడు మెట్లనీ వెన్నలా దిద్దింది. ఉమాశ్రీ దాన్ని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

సోమవారం ఉదయం జిగురు అయిపోయి కొట్టుకి వెళ్ళింది. బుట్టల దగ్గర బాలమ్మ లేదు. బుట్టల్లో ఆకురాళ్ళూ లేవు, పట్టకార్లూ లేవు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు పోసి ఉన్నాయి. పక్కన రేఖ అనే అమ్మాయి బిస్కట్లు సర్దుతోంది.

"బాలమ్మ ఇవాళ సెలవా అమ్మా?"

రేఖ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "తీసేసిండ్రు మేడమ్. శనివారం."

"తీసేయడమేమిటి? ఎందుకు?"

"ఆకురాళ్ళ డబ్బ ఒకటి కొన్నోళ్ళు వాపస్ తెచ్చిండ్రు. పదికి తొమ్మిదే ఉన్నయంట. మూడు పలకలది లేదంట. ఇంతకుముందు గూడ ఒకట్రెండు వాపస్ వచ్చినయి. మేనేజర్ సార్ కెమెరా చూసిండు. బాలమ్మక్క డబ్బలు విప్పి ఇందుట్లది అందుట్ల పెడుతున్నది కనవడ్డదట. దొంగతనమని ఇగ ఇక్కడ్నే, గీ బిస్కట్ల కాడ, అక్క సంచి కింద దులిపిండ్రు. ఏం దొరకలే. అయినా రావొద్దన్నరు."

ఉమాశ్రీ చేతిలో జిగురు సీసా ఉంది. దాన్ని ఎక్కడనుంచి తీసిందో గుర్తు రాక అలాగే పట్టుకుని నిలబడింది. మూడు పలకలది. అడ్డంగా పడుకున్న పదకొండోది. ఫోన్‌లో మెట్టు వెడల్పు గురించి వాదిస్తూ తాను మూసిన మూత. జిగురు సీసాని బిస్కట్ల మధ్య పెట్టేసి బయటికొచ్చేసింది.

ఆ సాయంత్రం భర్త ఇంటికి రాగానే అంతా చెప్పింది. ఉదయ్ భాస్కర్ కాఫీ తాగుతూ విన్నాడు. చెడ్డవాడు కాదు, గొడవ అంటే భయం, అంతే.

"నువ్వేం దొంగిలించలేదు కదా ఉమా. పొరపాటు. రేపు వెళ్ళి ఆ ఆకురాయి చప్పుడు చెయ్యకుండా ఆ బుట్టలో పడేసిరా. దొరికిందనుకుంటారు, ఆ మనిషిని మళ్ళీ పిలుస్తారు."

ఉమాశ్రీకి ఆ మాట తేనెలా వినబడింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. మంగళవారం కొట్టు తెరిచే వేళకి హ్యాండ్‌బ్యాగులో ఆకురాయి పెట్టుకుని బయలుదేరింది. బుట్టల దగ్గరకి వెళ్ళి టిఫిన్ డబ్బాల వంక చూసింది. ఎర్ర డబ్బాలు, పచ్చ డబ్బాలు. వాటి మధ్య ఒక ఆకురాయి పడి ఉంటే ఎవరు నమ్ముతారు? రేఖని అడిగితే, పనిముట్ల డబ్బాలన్నీ సరిచూడడానికి గోడౌనుకి పంపేశారని చెప్పింది. బ్యాగు జిప్పు మీద వేలు అలాగే ఉండిపోయింది. దారి లేదు. కాదు, దారి ఉంది. అది మేనేజర్ గది వైపు ఉంది.

మేనేజర్ శివశంకర్ ముప్పై అయిదేళ్ళవాడు, కడప వైపువాడు. బిల్లుల కట్టల మధ్య టిఫిన్ తింటున్నవాడల్లా లేచి చేయి కడుక్కున్నాడు.

"చెప్పండి మేడమ్."

ఉమాశ్రీ ఆకురాయిని బల్ల మీద పెట్టింది. డబ్బాలు విప్పిందీ, మార్చిందీ, పదకొండు ఇంటికి వెళ్ళిందీ ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెప్తున్నంతసేపూ చెవులు వేడెక్కాయి. తీరా అయిపోయాక శివశంకర్ నవ్వాడు.

"ఇంతేనా మేడమ్? దీనికోసం మీరే వచ్చినారా? ఉంచుకోండి పర్లేదు. ఇంత నిజాయితీగా చెప్పినారు, అదే చాలు. టీ తెప్పిస్తాను, కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. ఆ నవ్వే ఆవిడకి తల కొట్టేసినట్టు అనిపించింది. సంచి దులుపుతారనుకుని వచ్చిన మనిషికి టీ ఇస్తానంటున్నాడు.

"బాలమ్మని అదే పనికి దొంగ అన్నారు కదండీ."

"అట్ల కాదు మేడమ్. ఆమె విప్పి మారుస్తా ఉంది, కెమెరాలో ఉంది."

"నేనూ ఉంటాను. గురువారం, పదకొండున్నర ప్రాంతంలో. చూపించండి."

"కస్టమర్లది మేము చూడం మేడమ్. స్టాఫ్‌దే చూస్తాం."

"ఇప్పుడు చూడండి."

శివశంకర్ నీళ్ళు నమిలాడు. ఆవిడ కదలకపోయేసరికి కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాడు.

తెరమీద పైనుంచి కనిపిస్తోంది. ముందు ఉమాశ్రీ తనని తాను గుర్తు పట్టలేదు. నెరిసిన పాపిడి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్, కింద రెండు చేతులు గబగబా మూతలు తీస్తూ, వేస్తూ, తీస్తూ. ఆ చేతుల్ని ఎవరైనా చూపించి అడిగితే, దొంగ చేతులని తానే అనేది. ఆ పాపిడి మనిషి వెళ్ళిపోయింది. తర్వాత నీలం కోటు వచ్చింది. బాలమ్మ మూడు డబ్బాలూ తీసుకుంది. ఒక్కొక్కటే విప్పి, ఏది ఎక్కడిదో పోల్చుకుంటూ, గుండ్రటిది గుండ్రటి గాడిలో, పలకది పలక గాడిలో పెట్టింది. ఒక డబ్బాలో ఒక గాడి ఖాళీగా మిగిలింది. బాలమ్మ దాన్ని పట్టుకుని బుట్టంతా కుళ్ళగించింది. కిందకి వంగి బుట్ట కాళ్ళ మధ్య వెతికింది. లేచి నడుం మీద చెయ్యి వేసుకుని తలుపు వైపు చూసింది. మళ్ళీ వెతికింది. తెర మూలన గడియారం ఇరవై నిమిషాలు నడిచింది.

ఉమాశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఇది మొత్తం చూశారా మీరు?"

"డబ్బా విప్పిన ముక్కే చూసినాను మేడమ్" అన్నాడు శివశంకర్ కిందకి చూస్తూ. "రిపోర్టు పై ఆఫీసుకి పోయింది. నా చేతిలో లేదిప్పుడు."

"కాగితం ఇవ్వండి."

ముప్పై ఏళ్ళు నక్షాల కింద రాసిన పొందికైన అక్షరాలతోనే రాసింది. ఏ తేదీన ఏం చేసిందీ, ఆ తర్వాత బాలమ్మ ఏం చేసిందీ. కింద పూర్తి పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టింది. శివశంకర్ చదివి, "మీ పేరెందుకు మేడమ్, ఒక కస్టమర్ అని రాస్తే సరిపోదా?" అన్నాడు. "దొంగ అన్నప్పుడు ఆమె పేరు రాశారు కదా" అంది ఉమాశ్రీ. ఆకురాయిని అతనికివ్వబోతే, సరుకు గోడౌన్‌లో ఉంది, ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచమన్నాడు. అది మళ్ళీ హ్యాండ్‌బ్యాగులోకే వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నం హైటెక్ సిటీ స్టేషన్లో రైలెక్కి బోరబండలో దిగింది. ఒక్క స్టేషనే దూరం. స్టేషన్ ఫోటోలు కూడా వేరేవాళ్ళతో తీయించి తెప్పించుకుంది తప్ప, ఆవిడ అక్కడ దిగడం ఇదే మొదలు. మెట్లు దిగుతూ లెక్కపెట్టుకుంది, అలవాటు కొద్దీ. కుడి పక్కన పల్లీల గంప ముందు ముసలమ్మ కూర్చుని ఉంది. బాలమ్మ చెప్పినట్టే.

రేఖ చెప్పిన గుర్తుల ప్రకారం వెళ్తే, ఇరుకు సందులో నీలం తలుపు. గడప మీద కూర్చుని బాలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఉమాశ్రీని చూసి లేవబోయింది. ఉమాశ్రీ ఆమె పక్కనే గడప మీద కూర్చుంది.

"బాలమ్మా, ఆ ఆకురాయి నా డబ్బాలోకే వచ్చింది."

"నాకెర్కనే మేడమ్" అంది బాలమ్మ, చేట దించకుండా.

ఉమాశ్రీ చటుక్కున ఆమె వైపు తిరిగింది.

"ఎన్మిది నెలల సంది చూస్తున్న. పనిముట్లు దిగిన వారం మీరొస్తరు. నాలుగు డబ్బలు విప్పుతరు, మంచిది ఏరుకుంటరు. మీరు పోయినంక నేను సర్దుత. రెండు గుండ్రంగున్నయి ఒక్క డబ్బల పడితే కొన్నోళ్ళు వాపస్ తెస్తరు, నన్నడుగుతరు. గా బుట్టలు నాయి గద. నాకు ఎర్కలేకుండ ఒకట్రెండు తప్పిపోయినయి గని, మిగిలినయన్ని సర్దిన. మొన్న ఒకటి తక్కువొచ్చింది. మీతోటి పోయిందని అప్పుడే సమజైంది. గా డబ్బ బుట్ట అడుగున పెట్టిన గని, ఎవలో కొనుక్కపోయిండ్రు."

"నన్ను అడగకపోయావా?"

"ఏమని అడగాలె? మేడమ్, జర మీ సంచి చూపియ్యుండ్రి అనాల్నా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. అందుకే ఉమాశ్రీ మాట మార్చింది.

"పోనీ, శనివారం వాళ్ళకైనా చెప్పాల్సింది."

"చెప్పిన. పొద్దుగాల వచ్చే తెల్లెంటికల మేడమ్ విప్పుతది సార్, నేను సర్దుత అన్న. అప్పటిదాంక జర మెత్తగున్నడు. గా మాట అనంగనే గరమైండు. నీ తప్పు కస్టమర్ల మీదికి నెడతవా అన్నడు. గప్పుడే సంచి దులిపిండ్రు."

శివశంకర్ నిన్న ఎందుకు నీళ్ళు నమిలాడో ఉమాశ్రీకి ఇప్పుడు అర్థమైంది. ఫలానా తెల్లజుట్టు మేడమ్ అని బాలమ్మ చెప్పింది. నిజం చెప్పింది. చెప్పినందుకే శిక్ష పెరిగింది. తాను చెప్తే టీ వచ్చింది. ఆవిడకి కోపం వచ్చింది, కొట్టు మీదా, శివశంకర్ మీదా, అందరికన్నా ఎక్కువగా ఆ చకచకలాడే తన వేళ్ళ మీదా.

"పొద్దుగాల సార్ ఫోన్ చేసిండు" అంది బాలమ్మ. "మీ చిట్టీ పైవాళ్ళు చూసిండ్రంట. రేపు డ్యూటీకి రా, ఎనక దర్వాజ నుంచి రా, ఎవలతోటి ఏం మాట్లాడకు అన్నడు. నేను రానన్న."

"అదేమిటి? ఉద్యోగం వద్దా?"

"గావాలె. ఎందుకొద్దు?" బాలమ్మ ఒక రాయి ఏరి సందులోకి విసిరింది. "బిస్కట్ల కాడ దులిపిండ్రు మేడమ్. నా టిఫిన్ డబ్బ, నొప్పుల గోళీలు, దువ్వెన, లోపటి బట్టలు గూడ ఉండె, అన్ని కింద. మస్తు మంది నిలవడి చూసిండ్రు. రేఖ ఏరి ఇచ్చింది. అందరి ముందల దొంగనైతి. ఇప్పుడు ఎనక నుంచి దొంగ లెక్కనే లోపటికి రమ్మంటే ఎట్లొస్త? ముందల నుంచి పిలిస్తె వస్త. లేకుంటె ఇంకోకాడ చూస్కుంట. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఉమాశ్రీ చేటలోకి చూసింది. బాలమ్మ వేళ్ళు నెమ్మదిగా, ఒక్క గింజ కూడా కింద పడకుండా ఏరుతున్నాయి.

"రేపు పదింటికి ముందు తలుపు దగ్గరకి రా. పిలుస్తారు" అని లేచింది.

గురువారం. కొత్త సరుకు రోజు కాబట్టి కొట్లో జనం బాగానే ఉన్నారు. ఈసారి బుట్టల్లోకి రంగులు వేసే కుంచెలు దిగాయి, డబ్బాకి పన్నెండు. అపార్ట్‌మెంట్‌లో సగంమంది అక్కడే ఉన్నారు. కృష్ణప్రియ బండి తోసుకుంటూ ఎదురొచ్చి, "ఉమా గారూ, కుంచెలు చూశారా? మీరు ఏరిపెడితే నేనూ ఒకటి కొంటాను" అంది. ఉమాశ్రీ కుంచెల వైపు చూడలేదు. ఒక్క క్షణం ఇంటికి వెళ్ళిపోదామా అనిపించింది. దసరాకి స్టేషన్ ఎవరు చూసినా, ఇదిగో ఈవిడే అని చూపిస్తారు. ఇక ఏమని చూపిస్తారో.

గాజు తలుపు అవతల బాలమ్మ నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో అదే సంచి. లోపలికి రావడం లేదు. శివశంకర్ ఆమెని చూసి, వెనక తలుపు వైపు రమ్మన్నట్టు సైగ చేశాడు. బాలమ్మ కదలలేదు.

"ముందునుంచి పిలవండి" అంది ఉమాశ్రీ.

"మేడమ్, ఇంతమంది కస్టమర్ల ముందు ఎందుకు? తీసుకుంటామన్నాం కదా."

"దులిపినప్పుడూ ఇంతమందే ఉన్నారు."

అతను బదులు చెప్పేలోపే ఉమాశ్రీ బిస్కట్ల అరల ముందుకు నడిచింది. హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, రెండు చేతులా తలకిందులు చేసి నేల మీద దులిపేసింది. కళ్ళజోడు పెట్టె, కొలత టేపు, బీపీ మాత్రలు, ఇంటి తాళాలు, నిన్నటి రైలు టిక్కెట్టు, నలిగిన రుమాలు, ఎప్పటిదో పూజ కుంకుమ పొట్లం. చివరికి ఆకురాయి టైల్స్ మీద ఖంగుమంది. చుట్టూ బండ్లు ఆగిపోయాయి.

"ఏంటి ఉమా గారూ ఇది?" అంది కృష్ణప్రియ హడలిపోయి.

"ఇది ఈ కొట్టుదండీ" అంది ఉమాశ్రీ. "పోయిన గురువారం నేను డబ్బాలు విప్పి, మంచివి ఏరుకుని, ఇది కూడా పట్టుకుపోయాను. ఎనిమిది నెలల్నుంచీ విప్పుతున్నాను. నేను పాడుచేసినవి బాలమ్మ గారు సర్దుతుంటే, ఆమెని దొంగ అని ఇక్కడే సంచి దులిపారు. దులపాల్సింది నాది."

ఎవరో ఫోన్ పైకెత్తి మళ్ళీ దించేశారు. శివశంకర్ మొహం ఎర్రబడింది. తలుపు దగ్గరకి నడిచి వెళ్ళాడు. గాజు తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా బాలమ్మా" అన్నాడు. అది సరిపోలేదని అతనికే తెలిసినట్టుంది. జనం వైపు తిరిగి, గొంతు పెంచి, "ఆమె తప్పేమీ లేదు. తప్పు చేసింది మేము" అన్నాడు.

బాలమ్మ లోపలికి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. నేరుగా బిస్కట్ల దగ్గరకి వచ్చి, ఉమాశ్రీ వంగబోతుంటే, "ఆగుండ్రి" అని తానే కూర్చుంది. రేఖ సాయానికి వస్తే చేత్తో ఆపింది. కళ్ళజోడు పెట్టె తుడిచి బ్యాగులో పెట్టింది. మాత్రలు, తాళాలు, టేపు, కుంకుమ పొట్లం, ఒక్కొక్కటే పెట్టింది. రైలు టిక్కెట్టు చూసి ఒక్క క్షణం ఆగి, దాన్నీ మడిచి పెట్టింది. జిప్పు వేసి బ్యాగు ఉమాశ్రీ చేతికిచ్చింది. ఆకురాయి ఒక్కటే నేల మీద మిగిలింది. దాన్ని తీసి, వేలితో పళ్ళ మీద దుమ్ము తుడిచి, తన సంచిలోంచి తీసిన నీలం కోటు జేబులో వేసుకుంది.

"ఇది మాది మేడమ్" అంది.

కోటు తొడుక్కుని తన బుట్టల దగ్గరకి వెళ్ళిపోయింది. జనం మెల్లగా కదిలారు. కృష్ణప్రియ బండి తోసుకుపోయింది. ఉమాశ్రీకి వెళ్ళిపోవాలనుంది. కానీ ప్లాట్‌ఫారం కప్పుకి ఇంకా రంగు వేయాలి, ఇంట్లో ఉన్న కుంచెలకి వెంట్రుకలు ఊడిపోయాయి. బుట్ట దగ్గరకి వెళ్ళి, పైనున్న డబ్బా ఒకటి తీసింది. మూత మీదకి వెళ్ళిన వేలిని వెనక్కి తీసుకుంది. ఎలా ఉన్నది అలాగే తీసుకుందామని బిల్లు వైపు తిరిగింది.

"మేడమ్."

బాలమ్మ తుడిచే గుడ్డ భుజం మీద వేసుకుని, బుట్టకి ఆనుకుని నిలబడి ఉంది.

"విప్పి చూస్కోండ్రి" అంది. "నేనిక్కడ్నే నిలవడత."